సొరంగ రహదారి పొగ, చిమ్నీ చుట్టూ ఇళ్లు: సిడ్నీ ఎం5 ఈస్ట్ వివాదంపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఎం5 ఈస్ట్ సొరంగం ఎక్కడ ఉంది? దాని గురించి ఇప్పటికీ ఎందుకు మాట్లాడుకోవాలి?

ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో నైరుతి శివార్లను విమానాశ్రయ ప్రాంతంతో కలిపే ఎం5 ఈస్ట్ రహదారి 2001 డిసెంబరులో ప్రారంభమైంది. సుమారు 10 కిలోమీటర్ల ఈ రహదారిలో బెక్స్‌లీ నుంచి ఆర్న్‌క్లిఫ్ వరకు దాదాపు 4 కిలోమీటర్ల భాగం జంట సొరంగాలుగా భూమి కింద సాగుతుంది. రోజుకు లక్ష దాకా వాహనాలు, వాటిలో ఓడరేవుకు వచ్చిపోయే భారీ డీజిల్ లారీలు, ఆ గొట్టాల గుండా నడిచాయి. ఆ వాహనాలన్నీ వదిలే పొగను బయటికి పంపడానికి కట్టినది ఒకే ఒక్క చిమ్నీ. టరెల్లా అనే చోట, వోలి క్రీక్ వాగు లోయలో, నివాస ప్రాంతాల నడుమ దానిని నిలబెట్టారు. ఆ పొగను వడపోయకుండానే గాలిలోకి వదిలారు. సొరంగ రహదారుల పొగ మీద ప్రజలు చేసిన పోరాటాల్లో ఇది బాగా నమోదైన వాటిలో ఒకటి. ఆ తరువాత సిడ్నీలో తవ్విన ప్రతి సొరంగం నమూనా మీద దీని ప్రభావం ఉంది.

సొరంగంలో పోగయ్యే పొగ అసలు బయటికి ఎలా వస్తుంది?

వాహనాలు ఒకే దిశలో పరుగెత్తుతున్నప్పుడు తమ ముందున్న గాలిని తామే నెట్టుకుంటూ పోతాయి. చిన్న సొరంగాలకు ఆ నెట్టుడు చాలు, పొగ బయటి ముఖద్వారం గుండా వెళ్లిపోతుంది. సొరంగం పొడవు పెరిగేకొద్దీ లోపలి గాలిలో కార్బన్ మోనాక్సైడ్, నైట్రోజన్ డయాక్సైడ్, సన్నని ధూళి కణాలు అడుగడుగునా పేరుకుపోతాయి కాబట్టి, ముఖద్వారానికి చేరేసరికి ఆ గాలి బాగా చెడిపోయి ఉంటుంది. దానిని నేల మట్టంలో, ఇళ్ల పక్కన వదలడానికి వీల్లేక పైకప్పుకు వేలాడదీసిన పెద్ద ఫ్యాన్లతో ఒకచోటికి తోసి, అక్కడి నుంచి చిమ్నీ ద్వారా ఎత్తుకు, వేగంగా వెళ్లగొడతారు. అంత ఎత్తున పొగ చుట్టుపక్కల గాలితో కలిసి పలచబడి, నేలకు దిగేసరికి దాని గాఢత బాగా తగ్గుతుందన్నది ఇంజనీర్ల లెక్క.

చాలా సందర్భాల్లో ఆ లెక్క నిలబడుతుంది. అయితే చిమ్నీ పొగ పరిమాణాన్ని తగ్గించదు, దానిని పంచుతుంది, అంతే. ఎవరి మీదికి పంచుతుందనే చోటే తగువు మొదలవుతుంది.

టరెల్లా చిమ్నీ విషయంలో నివాసుల ప్రధాన అభ్యంతరం ఏమిటి?

మొదటి ప్రతిపాదనలో సొరంగం పొడవునా మూడు చిమ్నీలు ఉన్నాయి. వాటిపై వ్యతిరేకత రావడంతో ఆ మూడింటికి బదులుగా సొరంగానికి దూరంగా, టరెల్లా పారిశ్రామిక ప్రాంతంలో ఒకే చిమ్నీని ఖరారు చేశారు. సొరంగం గాలిని అక్కడి దాకా తీసుకుపోవడానికి భూమి కింద ప్రత్యేకంగా మరో గాలి మార్గం తవ్వారు. కాగితం మీద చూస్తే అది ఇళ్లు తక్కువగా ఉన్న స్థలమే. కాని ఆ స్థలం లోయలో పల్లపు భాగం. వాగుకు అటూ ఇటూ నేల ఎత్తుగా లేస్తుంది, ఆ ఎత్తుల మీద ఎర్ల్‌వుడ్, అండర్‌క్లిఫ్ వంటి పాత నివాస ప్రాంతాలు ఉన్నాయి. లోయ అడుగున నిలబెట్టిన చిమ్నీ కొస, గట్టు మీది కొన్ని ఇళ్ల కిటికీలకు ఇంచుమించు సమాన ఎత్తులో వస్తుంది. నేల మీద నిలబడి చూసేవారికి అది ఎత్తైన చిమ్నీయే, గట్టు మీది వంటింట్లో నిలబడి చూసేవారికి మాత్రం అది ఎదురుగా ఉన్న పొగగొట్టం.

దీనికి వాతావరణం కూడా తోడవుతుంది. గాలి కదలని చలికాలపు రాత్రుల్లో లోయలో చల్లని గాలి అడుగున నిలిచిపోయి, దాని పైన వెచ్చని గాలి మూతలా పరుచుకుంటుంది. అటువంటప్పుడు పొగ సులువుగా చెదరదు. నివాసులు తమ అభ్యంతర పత్రాల్లో ఈ స్థల లక్షణాలను పదే పదే ప్రస్తావించారు. వారి వాదన భయం మీద మాత్రమే ఆధారపడినదని అనడం అన్యాయమని నా అభిప్రాయం. ఆ లోయను ఏళ్ల తరబడి చూసినవారికి అక్కడి గాలి నడక తెలుసు.

ఈ ఉద్యమాన్ని నడిపింది ఎవరు? వారు ఏం అడిగారు?

‘రెసిడెంట్స్ అగైనెస్ట్ పొల్యూటింగ్ స్టాక్స్’ పేరుతో స్థానికులు ఒక బృందంగా ఏర్పడ్డారు. వారి కోరిక రహదారి వద్దని కాదు, చిమ్నీలోకి వెళ్లే గాలిని ముందుగా వడపోయాలని. ఈ తేడాను చాలామంది గమనించరు. ‘అభివృద్ధికి అడ్డుపడేవాళ్లు’ అన్న ముద్ర ఇటువంటి ఉద్యమాలన్నింటి మీదా పడుతుంది, కాని ఇక్కడ వివాదమంతా ఒక పరికరం పెట్టాలా వద్దా, దాని ఖర్చు ఎవరు భరించాలి అన్న దాని చుట్టూనే తిరిగింది.

సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర శాసన మండలి స్థాయీ సంఘం ఈ విషయంపై ఒకటికి రెండుసార్లు విచారణ జరిపింది. 1999లో, అంటే సొరంగం తెరవకముందే ఒక నివేదిక, తెరిచాక 2002లో మరొకటి వెలువడ్డాయి. సంఘం వడపోత వైపే మొగ్గింది. ప్రభుత్వం మాత్రం ఒప్పుకోలేదు.

సొరంగం లోపలి గాలి మాటేమిటి?

ఇది చిమ్నీ వివాదం కన్నా తక్కువగా చర్చకు వచ్చిన విషయం, కాని ఆరోగ్యపరంగా చూస్తే ఇదే ముఖ్యమైనది కావచ్చు. ముఖద్వారాల గుండా పొగ బయటికి రాకూడదని అనుమతి షరతుల్లో ఉంది. చిమ్నీ ఒక్కటే, అది కూడా దూరంగా ఉంది. ఈ రెండింటికీ పొత్తు కుదర్చడానికి, ఒక గొట్టం చివరికి చేరిన మురికి గాలిని బయటికి పోనివ్వకుండా పక్క గొట్టంలోకి మళ్లించే ఏర్పాటు చేశారు. అంటే ఒకవైపు వాహనాలు చెడగొట్టిన గాలే రెండోవైపు వాహనదారులకు కొంత మేర అందింది. పడమటి చివర సొరంగం ఎత్తుకు ఎక్కుతుంది. బరువుతో ఉన్న లారీలు ఆ ఎగుడులో ఇంజను మీద భారం వేసి, చిక్కని పొగ వదులుతూ నెమ్మదిగా ఎక్కేవి. రద్దీ వేళల్లో అక్కడ దీపాల కాంతి మసకబారి, ముందున్న వాహనాలు పొగమంచులో ఉన్నట్టు కనబడేవి.

నమూనా వేసినప్పుడు ప్రధానంగా ఆధారపడిన కొలమానం కార్బన్ మోనాక్సైడ్. పదిహేను నిమిషాల సగటు 87 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 87 భాగాలు) మించకూడదన్నది పరిమితి. పెట్రోలు కార్లే ఎక్కువగా తిరిగిన కాలానికి అది సరిపడే కొలమానం. డీజిల్ పెరిగాక అసలు సమస్య నైట్రోజన్ డయాక్సైడ్, నుసి కణాల వైపు మళ్లింది, కొలమానం మాత్రం చాలాకాలం పాతదే కొనసాగింది. 2003లో రాష్ట్ర ఆరోగ్య శాఖ జరిపిన పరిశీలనలో కారు అద్దాలు మూసి, బయటి గాలి లోపలికి రాకుండా చేస్తే లోపలివారు పీల్చే నైట్రోజన్ డయాక్సైడ్ బాగా తగ్గుతుందని తేలింది. అద్దాలు ఎత్తుకోమని సొరంగం వద్ద బోర్డులు పెట్టారు. కార్లలో వెళ్లేవారికి అది మేలైన సలహాయే, మోటారు సైకిల్ మీద వెళ్లేవారికి మాత్రం అది ఏ విధంగానూ పనికిరాదు.

చిమ్నీ పొగ వల్ల చుట్టుపక్కల వారి ఆరోగ్యం దెబ్బతిన్నదని రుజువైందా?

సూటిగా చెప్పాలంటే, టరెల్లాలో అలా రుజువు కాలేదు. కళ్లు మండడం, గొంతు నొప్పి, ముక్కు దిబ్బడ వంటి బాధలు నివాసులు చెప్పుకున్నారు. పొగ ఎక్కువగా చేరుతుందని లెక్కల్లో తేలిన వీధులనూ తక్కువగా చేరే వీధులనూ ఆరోగ్య శాఖ పోల్చి చూసినప్పుడు, ఆ బాధలకూ చిమ్నీ పొగకూ స్పష్టమైన సంబంధం కనబడలేదు. ఉద్యమాన్ని సమర్థించేవారు కూడా ఈ ఫలితాన్ని దాచకుండా చెప్పాలి.

అదే సమయంలో దీనితో ప్రశ్న ముగిసిపోలేదు. సిడ్నీలోనే 2007లో తెరిచిన 3.6 కిలోమీటర్ల లేన్ కోవ్ సొరంగం చుట్టూ వూల్‌కాక్ వైద్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ప్రారంభానికి ముందూ తరువాతా నివాసుల శ్వాస ఆరోగ్యాన్ని నమోదు చేశారు. సొరంగం వల్ల పైనున్న పాత రోడ్డు మీద వాహనాలు తగ్గి, అక్కడి గాలి కొంత మెరుగైంది. చిమ్నీ దగ్గర గాలిలో కొలవదగిన పెరుగుదల కనబడలేదు. అయినా తూర్పు చిమ్నీ పరిసరాల్లో ఉన్నవారు ముక్కు, గొంతు సంబంధమైన బాధలు ఎక్కువగా చెప్పారు, ఊపిరితిత్తుల పరీక్షలోనూ వారి కొలతలు కొంత తక్కువగా వచ్చాయి. దీనికి కారణం ఏమిటో పరిశోధకులు నిర్ధారించలేకపోయారు. చిమ్నీ హానికరమని ఈ ఒక్క అధ్యయనంతో చెప్పేయలేము, చిమ్నీ దగ్గరివారి ఫిర్యాదులన్నీ ఊహలేనని కొట్టిపారేయడానికీ దీని తరువాత వీలు లేదు.

ఇక పొగ స్వభావం గురించి సందేహం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ డీజిల్ పొగను 2012లో మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. పీఎం 2.5 కణాల (2.5 మైక్రాన్లు, అంతకన్నా సన్నని ధూళి) వార్షిక సగటు ఘనపు మీటరు గాలికి 5 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. అంతకుముందు ఈ సూచన 10గా ఉండేది. ఇంత తక్కువ స్థాయిలోనూ హాని ఉంటుందని తేలుతున్నప్పుడు, ‘ఇప్పటికే ఉన్న కాలుష్యానికి చిమ్నీ కలిపేది చాలా స్వల్పం’ అన్న జవాబు నివాసులకు ఎందుకు తృప్తినివ్వలేదో అర్థం చేసుకోవచ్చు.

వడపోత పరికరం ఎలా పనిచేస్తుంది? దానిని ఎం5 ఈస్ట్‌లో ప్రయత్నించారా?

గాలిని అధిక వోల్టేజి తీగల మధ్య నుంచి పంపితే అందులోని కణాలకు విద్యుదావేశం అంటుకుంటుంది. తరువాత ఎదురయ్యే లోహపు పలకలు ఆ కణాలను లాగి పట్టుకుంటాయి, పలకలను అప్పుడప్పుడూ కడుగుతారు. ఇది కణాలకు మాత్రమే పనికివస్తుంది. నైట్రోజన్ డయాక్సైడ్ వాయువు కాబట్టి దానికి వేరే రసాయనిక శుద్ధి కావాలి. ఫ్యాన్లకు, ఈ పరికరాలకు కలిపి విద్యుత్ ఖర్చు ఎక్కువే.

ఉద్యమ ఒత్తిడి కారణంగా ప్రభుత్వం చివరికి ఒక ప్రయోగానికి ఒప్పుకుంది. 2010లో సొరంగం పడమటి చివర ఒక శుద్ధి కేంద్రం కట్టి, సొరంగం గాలిలో కొంత భాగాన్ని దాని గుండా నడిపి చూశారు. సుమారు 6.5 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు ఖర్చయ్యాయి. తన గుండా వెళ్లిన గాలిలోని కణాలను అది గణనీయంగానే పట్టింది. కాని మొత్తం సొరంగం గాలి మీద ఆ ప్రభావం స్వల్పంగా ఉంది. పెట్టిన ఖర్చుకు తగిన ఫలితం లేదని నిర్ధారించి ప్రభుత్వం దానిని కొనసాగించలేదు.

ఈ ప్రయోగాన్ని ‘వడపోత పనికిరాదు’ అనడానికి సాక్ష్యంగా చూపడం సరికాదని నేను అనుకుంటాను. కట్టేసిన సొరంగానికి, చోటు లేని చోట, ఉన్న గాలి మార్గాలకు అతికించిన పరికరం అది. మొదటి నమూనాలోనే స్థలం కేటాయించి, గాలి మొత్తం దాని గుండానే వెళ్లేట్టు కట్టి ఉంటే ఖర్చూ ఫలితమూ రెండూ వేరుగా ఉండేవి. 1999లో నివాసులు అడిగింది సరిగ్గా అదే.

మిగతా దేశాల్లో సొరంగాలకు వడపోత ఉందా?

కొన్నిచోట్ల ఉంది. జపాన్‌లో 1970ల చివరి నుంచి ఇటువంటి పరికరాలు వాడుతున్నారు. టోక్యోలో 18 కిలోమీటర్లకు పైగా ఉన్న యమాటే సొరంగంలో కణాలతో పాటు నైట్రోజన్ డయాక్సైడ్‌ను తొలగించే ఏర్పాటు కూడా ఉంది. నార్వేలో 2000లో తెరిచిన 24.5 కిలోమీటర్ల లేర్దాల్ సొరంగంలోనూ శుద్ధి కేంద్రం ఉంది. స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో ఎం30 సొరంగాలకు, హాంకాంగ్‌లో 2019లో తెరిచిన సెంట్రల్–వాన్ చాయ్ బైపాస్‌కు శుద్ధి వ్యవస్థలు పెట్టారు. నార్వేలో పెట్టిన పరికరాలు కొన్ని అరుదుగానే నడుస్తున్నాయని, జపాన్‌లో చాలాచోట్ల వీటి ఉద్దేశం సొరంగం లోపల చూపు స్పష్టంగా ఉంచడమేనని వ్యతిరేకించేవారు గుర్తుచేస్తారు, అది నిజమే. హాంకాంగ్, టోక్యో వంటి కిక్కిరిసిన నగరాల్లో మాత్రం చుట్టూ ఉన్న ఇళ్ల కోసమే వీటిని పెట్టారు.

వడపోత పెట్టనివారి వాదనలో బలం లేదా?

ఉంది. అదే డబ్బుతో పాత లారీలను రోడ్ల మీది నుంచి తొలగిస్తే నగరమంతటికీ గాలి మెరుగవుతుంది, చిమ్నీ చుట్టూ ఉన్న కొన్ని వీధులకు మాత్రమే కాదు. ఎం5 ఈస్ట్‌లో పొగ కక్కే లారీలను కెమెరాలతో పట్టి జరిమానా వేయడం ఈ ఆలోచన నుంచి వచ్చినదే, అది మంచి పని. కాని ఈ వాదన ఒక విషయాన్ని పక్కన పెడుతుంది. ఊరందరి చెత్త తెచ్చి ఒక ఇంటి గుమ్మం ముందు పోసి, ఊరు మొత్తానికి చెత్త తగ్గిందని ఆ ఇంటివారికి చెప్పడం న్యాయం కాదు. రహదారి లాభం లక్షలమందిది, పొగ భారం కొన్ని వందల ఇళ్లది. ఆ కొద్దిమందికి అదనపు రక్షణ ఇవ్వడం ఖర్చు, ఫలితాల లెక్కకు మాత్రమే వదిలేయదగిన విషయం కాదు.

ఉద్యమం ఓడిపోయినట్టేనా?

అడిగిన వడపోత రాలేదు కాబట్టి ఆ మేరకు ఓడినట్టే. తరువాత కట్టిన నార్త్‌కనెక్స్, వెస్ట్‌కనెక్స్ సొరంగాల చిమ్నీలకూ వడపోత లేదు. 2020లో తెరిచిన 9 కిలోమీటర్ల నార్త్‌కనెక్స్ విషయంలో వారూంగా వాసులు, 2023లో తెరిచిన రోజెల్ కూడలి విషయంలో అక్కడి తల్లిదండ్రులు మళ్లీ అవే ప్రశ్నలు వేయవలసి వచ్చింది.

ఇతర మార్పులు మాత్రం వచ్చాయి, అవి చిన్నవి కావు. సొరంగ గాలి నాణ్యతపై రాష్ట్ర ప్రధాన శాస్త్రవేత్త ఆధ్వర్యంలో సలహా సంఘం ఏర్పడింది. సొరంగం లోపల నైట్రోజన్ డయాక్సైడ్‌కు పదిహేను నిమిషాల సగటు 0.5 పీపీఎం అన్న పరిమితి వచ్చింది. చిమ్నీలు పర్యావరణ నియంత్రణ సంస్థ లైసెన్సు కిందికి వచ్చాయి, కొలతలు ప్రజలకు అందుబాటులోకి వచ్చాయి. కొత్త సొరంగాలను వెడల్పుగా, ఎక్కువ ఎత్తుతో, లారీలు ఆయాసపడే ఎగుడు లేకుండా తవ్వుతున్నారు. ఒక గొట్టం మురికి గాలిని పక్క గొట్టంలోకి మళ్లించే ఎం5 ఈస్ట్ ఏర్పాటును సిడ్నీలో మళ్లీ చేయలేదు. టరెల్లా వాసులు అడగకపోతే ఇవన్నీ ఇంత త్వరగా వచ్చేవని నేను అనుకోను.

విద్యుత్ వాహనాలు వస్తే ఈ సమస్య దానంతటదే పోతుందా?

నైట్రోజన్ డయాక్సైడ్, మసి బాగా తగ్గుతాయి. టైర్లు, రోడ్డు అరుగుదల నుంచి లేచే ధూళి మాత్రం ఉంటుంది. పైగా చివరిగా మారేవి లారీలే, సొరంగంలో పొగలో ఎక్కువ భాగం వాటిదే.

హైదరాబాద్, బెంగళూరు నగరాల్లో ఉన్న తెలుగువారికి దీనితో ఏం సంబంధం?

బెంగళూరులో హెబ్బాళ నుంచి సిల్క్ బోర్డు వరకు సుమారు 16.7 కిలోమీటర్ల సొరంగ రహదారిని ప్రతిపాదించారు. లాల్‌బాగ్ వద్ద దాని ప్రభావం గురించి 2025లో గట్టి వ్యతిరేకత వచ్చింది. హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కు పరిసరాల్లో సొరంగ మార్గాల ఆలోచన ఏళ్లుగా వినబడుతోంది. ఎం5 ఈస్ట్ పొడవుకు నాలుగింతల సొరంగం గురించి మాట్లాడుకునేటప్పుడు, దాని గాలి ఎక్కడ బయటికి వస్తుందన్నది మొదటి ప్రశ్న కావాలి. మన చర్చల్లో అది చివరికి కూడా రావడం లేదు. భారత జాతీయ ప్రమాణాల ప్రకారం పీఎం 2.5 వార్షిక పరిమితి 40 మైక్రోగ్రాములు. చాలా నగరాల్లో గాలి అసలే ఆ గీత దగ్గరో దాటో ఉంటుంది కాబట్టి, చిమ్నీ కలిపేది స్వల్పమే అన్న జవాబు ఇక్కడ ఇంకా తేలికగా చెప్పేస్తారు.

ఇంకో చిక్కు ఉంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ జాతీయ, రాష్ట్ర రహదారులను పేరు పెట్టి చెబుతుంది, నగర సంస్థలు వేసుకునే రోడ్లను చెప్పదు. కాబట్టి ప్రజాభిప్రాయ సేకరణ దానంతటదే జరుగుతుందని అనుకోకూడదు. సవివర ప్రాజెక్టు నివేదిక దశలోనే, టెండర్లు పిలవకముందే, నివాస సంక్షేమ సంఘాలు సమాచార హక్కు చట్టం కింద ఈ వివరాలు అడగవచ్చు: గాలి బయటికి వచ్చే చోట్లు పటంలో ఎక్కడ, ఎంత ఎత్తులో ఉన్నాయి, చుట్టూ ఉన్న భవనాల పై అంతస్తులు వాటికి ఏ ఎత్తున ఉన్నాయి, నైట్రోజన్ డయాక్సైడ్‌కు లోపలి పరిమితి ఎంత, వాహనాలు అంచనాకు మించి వస్తే ఏం చేస్తారు, తరువాతి కాలంలో వడపోత పెట్టవలసివస్తే దానికి స్థలం ఇప్పుడే వదిలారా. ఎత్తైన అపార్ట్‌మెంట్లు ఉన్న మన నగరాల్లో రెండో ప్రశ్నను తప్పకుండా రాతపూర్వకంగా అడగాలి. సొరంగం తెరవడానికి కనీసం ఏడాది ముందు నుంచి ఆ చోట్ల గాలిని కొలిచి ఉంచమని కూడా కోరాలి, ఎందుకంటే ముందటి కొలత లేకుండా తరువాతి ఫిర్యాదును ఏ అధికారీ ఒప్పుకోడు.